క్రిమినల్ కోర్టుకు బయల్దేరే ముందు (కరోనా కాలం జాగ్రత్తలు)

హైదరాబాద్ నాంపల్లి లాంటి క్రిమినల్ కోర్టులో పనిచేసే జూనియర్లకు, గుమాస్తాలకు ఈ నాలుగు మాటలు.

☐ జ్వరం, దగ్గు ఉంటే రావద్దు. వాయిదా అడగొచ్చు, సీనియర్ కోప్పడితే పడనివ్వండి.

☐ ముందురోజు రాత్రే కాజ్ లిస్టు (మర్నాడు విచారణకొచ్చే కేసుల జాబితా) చూసుకోండి. విచారణ వీడియోలోనా, హాల్లోనా? తెలియకుండా వెళ్తే కారిడార్లో గుంపు పెంచడమే.

☐ నల్లకోటు టెన్షన్ వద్దు. వీడియో విచారణల్లో కోటు, గౌను అక్కర్లేదని సుప్రీంకోర్టే 2020 మేలో చెప్పింది. మీ కోర్టు నియమం మాత్రం కనుక్కోండి.

☐ మాస్కు ముక్కు మీదే ఉండాలి. వాదించేటప్పుడు కిందికి లాగడం మనవాళ్లకు అలవాటు. సరిగ్గా అప్పుడే తుంపర్లు ఎక్కువ.

☐ శానిటైజర్ తడి ఆరకుండా వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం) ముట్టుకోవద్దు, సంతకం అలుక్కుపోతుంది. ఇది అనుభవం!

☐ రిమాండ్ ఖైదీతో మాట్లాడాలంటే దూరం పాటించండి. అతని వెంట వచ్చే ఎస్కార్ట్ కానిస్టేబుల్ కోసం కూడా ఒక మాస్కు అదనంగా దగ్గర ఉంచుకోండి.

☐ జామీనుదారులు ఇద్దరైతే ఇద్దరే రావాలి, ఊరంతా కాదు.

☐ అన్నిటికంటే ముఖ్యం, తేదీలు. 2020 మార్చి 15 నుంచి కోర్టులో దాఖలు చేసే గడువులు పొడిగించారు కదా అని పోలీసులు ఛార్జిషీటు వేయాల్సిన రోజుల లెక్క వదిలేయకండి. ఆ పొడిగింపు పోలీసులకు వర్తించదని అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఛార్జిషీటు వేయకుండా, నేరాన్ని బట్టి రిమాండ్ 60 లేదా 90 రోజులు దాటితే నిందితుడికి బెయిలు హక్కు. పిటిషన్ సిద్ధంగా ఉంచుకోండి.

☐ టిఫిన్ డబ్బా ఒంటరిగా, బయట చెట్టు కింద.