రౌతు పోనీకి ఎక్కువయ్యాడా? లక్షణం, కారణం, పరిష్కారం

"మా వాడి కాళ్లు పోనీ పొట్ట కిందకి వచ్చేస్తున్నాయి సార్, ఇక పెద్ద గుర్రం ఎక్కించాలా?" హైదరాబాద్ శివార్లలో పిల్లలకు స్వారీ నేర్పుతున్న నన్ను తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. కాళ్లు ఎంత కిందకి వేలాడుతున్నాయన్నది నేను ఆఖర్న చూసే విషయం. చూడ్డానికి బాగుండదు, అంతే. దానివల్ల పోనీకి నొప్పేమీ ఉండదు. అసలు చూడాల్సినవి రెండు: మోసే బరువెంత, ఆ బరువు వీపు మీద ఎక్కడ పడుతోంది. మొదటిది తేల్చడానికి పది నిమిషాలు చాలు, అయినా దాదాపు ఎవరూ చేయరు. రెండోది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

ముందు తూకం, తర్వాతే మాట

14.2 హ్యాండ్ల లోపు, అంటే మూపు (మెడ, వీపు కలిసే ఎత్తైన చోటు) దగ్గర సుమారు 148 సెంటీమీటర్ల లోపు ఉంటే పోనీ అంటాం. హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు, 14.2 అంటే 14 హ్యాండ్ల మీద రెండు అంగుళాలు. కానీ ఎత్తు చూసి బరువు మోసే శక్తిని చెప్పలేం. 13 హ్యాండ్ల పోనీలు రెండు పక్కపక్కనే నిలబడితే వాటి మధ్య 60 కిలోల తేడా ఉండొచ్చు.

ఇంట్లో ఉండే మామూలు వెయింగ్ మెషిన్ తీసుకురండి. పిల్లవాణ్ణి హెల్మెట్, బూట్లతో దాని మీద నిలబెట్టి జీను, నంబ్దా (జీను కింద వేసే మెత్త), రికాబులు (పాదం పెట్టే కడియాలు), గర్త్ (పొట్ట కింద బిగించే) పట్టీ అన్నీ చేతికివ్వండి. వచ్చిన అంకే పోనీ మోసే బరువు. "మా పాప 38 కిలోలే" అని ఇంటి లెక్క చెబితే కుదరదు. జీను సామాను, బూట్లు, హెల్మెట్ కలిపితే ఇంకో ఎనిమిది కిలోలు సులువుగా చేరతాయి.

పోనీ బరువుకి దర్జీ టేపు చాలు. ముంగాళ్ల వెనక నుంచి మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. తర్వాత భుజం ముందు ఎముక కొన నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు కొలవండి. రెండూ సెంటీమీటర్లలోనే. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోలు వస్తాయి. 155 చుట్టుకొలత, 145 పొడవు ఉంటే సుమారు 293 కిలోలు. అందులో 15 శాతం 44, 20 శాతం దాదాపు 59.

జీనుతో కలిపి మోసేది గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది పాత సైనిక అశ్వదళాల కాలం నుంచి వస్తున్న లెక్క. 2008లో అమెరికాలోని ఒహాయోలో ఎనిమిది గుర్రాల మీద 15, 20, 25, 30 శాతం బరువులతో పరీక్షించారు. 25కి చేరాక గుండె వేగం, కండరాల నొప్పి పెరిగాయి. నడుము వెడల్పుగా ఉన్నవాటికి నొప్పి తక్కువగా వచ్చింది. నా పద్ధతి ఏంటంటే, కొత్తగా నేర్చుకుంటూ జీనులో ఎగిరెగిరి పడే పిల్లలకు, వయసు మళ్లిన పోనీకి, మన ఏప్రిల్, మే ఎండలకు 15 శాతమే గీత. 20 అనేది నిలకడగా కూర్చునే రౌతు, ఆరోగ్యంగా ఉన్న పోనీ కలిసినప్పటి మాట.

ఒక్క జాగ్రత్త. ఉలవలు దండిగా తిని, పని లేక బలిసిన పోనీ టేపు మీద ఎక్కువ తూగుతుంది. ఆ కొవ్వు బరువు మోయదు, పోనీకే అదనపు బరువు. దాని పక్కటెముకలు గట్టిగా నొక్కినా చేతికి తగలకపోతే టేపు లెక్కలోంచి పదో వంతు తీసేసి చూడండి.

లక్షణం: ట్రాట్‌లో (చిన్న పరుగులో) వెనకబడుతోంది, ఆయాసం, దిగాక కూడా చెమటలు

కారణం చాలావరకు బరువే. లేదంటే ఎండలో పని ఎక్కువ కావడం. దిగిన పది నిమిషాలకు దవడ కింద నాడి పట్టుకుని చూడండి. నిమిషానికి 60 లోపుకి దిగిపోవాలి. నీడలో నీళ్లు పోసి తుడిచినా తగ్గకపోతే ఆ రోజు మోసింది దాని శక్తికి మించినట్టే.

పరిష్కారానికి ఆలోచించాల్సిన పనేమీ లేదు. పెద్ద గుర్రానికి మారండి. మారేదాకా ఇరవై నిమిషాలు నడకే చేయించండి, ఉదయం ఏడు గంటలకల్లా ముగించండి. కేదార్‌నాథ్ దారిలో గౌరీకుండ్ నుంచి ఎక్కే మన యాత్రికులకు కూడా ఇదే చెబుతాను. ఎనభై, తొంభై కిలోల మనిషి కనీసం నిటారు దిగుడు దారుల్లో దిగి నడిస్తే ఆ మూగజీవికి ఎంతో ఊరట.

లక్షణం: తూకం సరిపోయింది, అయినా తిరగబడుతోంది

అందరూ పొరబడేది ఇక్కడే. నేనూ పొరబడ్డాను.

మా దగ్గర 13 హ్యాండ్ల గోధుమరంగు పోనీ ఉండేది, బుజ్జి అని పిలిచేవాళ్లం. పిల్లలు దాని మెడ పట్టుకుని వేలాడినా కదిలేది కాదు. ఒక అమ్మాయి తన పదో ఏట నుంచి దాని మీదే నేర్చుకుంది. పదమూడో ఏట ఉన్నట్టుండి పొడవు సాగింది, బరువు మాత్రం పెరగలేదు. 41 కిలోలు, సామానుతో 49. పోనీ 293. పదిహేడు శాతం కూడా లేదు. నిలకడగా కూర్చునే పిల్ల కాబట్టి బేఫికర్ అనుకున్నాను.

రెండు నెలల్లో బుజ్జి మారిపోయింది. జీను తేవడం చూడగానే చెవులు వెనక్కి పెట్టేది, గర్త్ బిగిస్తుంటే కొరకబోయేది. క్యాంటర్ (దౌడు) అడిగితే తోక విసిరి వెనక కాళ్లు ఎగరేసేది. మా సాయిస్ (గుర్రాల్ని చూసుకునే మనిషి) వెంటనే సామెత అందుకున్నాడు, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని. నాకూ అదే నిజమనిపించింది. పిల్లకి కర్ర ఇచ్చి గట్టిగా ఉండమన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. పశువుల డాక్టరు వచ్చి పళ్లు, డెక్కలు చూసి బాగానే ఉన్నాయన్నారు. వీపు కిందకి జీను దిగబడుతోందేమోనని నేను ఇంకో నంబ్దా వేయించాను. ఇంకా ఎక్కువైంది.

ఒక సాయంత్రం క్లాసు అయ్యాక జీను నేనే తీశాను. కింద చెమట తడి ఒకేలా లేదు. ముందంతా తడిగా ఉంది, జీను వెనక అంచు కింద రెండు పక్కలా అరచేతి మేర పొడిగా ఉంది. ఆ పొడి చోట వెంట్రుకలు ఎదురు తిరిగి, కొసలు తెగి, గరుగ్గా తగిలాయి. బరువు గట్టిగా నొక్కేసిన చోట చెమట పట్టదు. అక్కడ రెండు వేళ్లతో మెల్లగా నొక్కగానే బుజ్జి వీపు కిందకి జారవేసి తల పైకెత్తింది.

మర్నాడు అమ్మాయిని ఎక్కించి పక్కనుంచి చూశాను. జీను పదిహేను అంగుళాలది, పదేళ్లప్పటిదే. తొడ ఎముక పొడవు పెరిగింది కదా, మోకాలు జీను చెంప (పక్కన వేలాడే తోలు) దాటి ముందుకొచ్చేసింది. మోకాలు ముందుకి పోతే కూర్చునే చోటు వెనక్కి జరగక తప్పదు. పిల్ల సరిగ్గా జీను వెనక అంచు మీద కూర్చుని ఉంది. 41 కిలోలూ వీపు మధ్యలో పరుచుకోకుండా వెనక ఆ రెండు చోట్లే పడుతున్నాయి. ఆ వెనక ఉన్నది నడుము. అక్కడ పక్కటెముకల ఆసరా ఉండదు.

కాబట్టి తూకం సరిపోయాక ఈ మూడు చూడకుండా పోనీని తిట్టొద్దు.

రౌతు జీనులో కూర్చున్నాక వెనక నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టండి. అంచుకీ మనిషికీ మధ్య అంత ఖాళీ ఉండాలి. రెండు వేళ్లే పడితే జీను ఇరుకైంది.

తర్వాత పోనీకి చివరి పక్కటెముక ఎక్కడో వెతకండి. డొక్క దగ్గర చేయి పెట్టి ముందుకి తడుముతుంటే గట్టిగా తగులుతుంది. ఆ ఎముక వంపు వెంట పైకి వెళ్లి వెన్ను దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. ముందు వైపు భుజం పలక వెనక అంచున ఇంకో గీత. జీను మెత్తలు ఈ రెంటి మధ్యే ఆనాలి. పొట్టి వీపు పోనీలకు ఈ చోటు చాలా తక్కువ.

మూడోది, రోజూ జీను తీశాక చెమట గుర్తు చూడటం. దానికి పైసా ఖర్చు లేదు.

"అయితే పెద్ద జీను కొంటే సరి" అంటారు. నేనూ పదిహేడు అంగుళాలది అరువు తెచ్చి చూశాను. అమ్మాయికి హాయిగా సరిపోయింది. దాని వెనక అంచు మాత్రం సుద్ద గీత దాటి నాలుగు వేళ్లు నడుము మీదకి పోయింది. పిల్లకి పట్టే జీను పోనీకి పట్టదు, పోనీకి పట్టేది పిల్లకి పట్టదు. తూకం ఏం చెప్పినా ఆ జోడీ రోజులు అయిపోయినట్టే. నంబ్దాలు మందంగా వేయడం ఇరుకు చెప్పులో రెండు జతల మేజోళ్లు తొడిగినట్టు, నొక్కుడు ఇంకా పెరుగుతుంది.

2019లో ఇంగ్లండ్‌లో అచ్చయిన అధ్యయనం ఒకటి చదివినప్పుడు బుజ్జే గుర్తొచ్చింది. ఆరు గుర్రాలు, నలుగురు రౌతులు. బరువైన ఇద్దరు ఎక్కిన ప్రతి పరీక్షనీ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, దాదాపు అన్నిసార్లూ గుర్రం కుంటడం వల్లే. ఆ ఇద్దరిలో ఒకరు 18 శాతం లోపే! జీను ఆ పెద్ద రౌతులకు సరిపోకపోవడం కూడా ఇందులో పాత్ర వహించి ఉండొచ్చని పరిశోధకులే రాశారు. ఆ కుంటు తాత్కాలికమే. అంటే దించితే తగ్గేదే.

బుజ్జికీ తగ్గింది. మూడు వారాలు జీను వేయలేదు, చేత్తో పట్టుకుని నడిపించాం. అమ్మాయిని 14.3 హ్యాండ్ల మార్వాడీ క్రాస్ (సంకర జాతి) గుర్రానికి మార్చాం. మొదటి రోజు ఏడ్చింది. "బుజ్జి నా మీద కోపంతో చేస్తోందనుకున్నా సార్" అంది.

లక్షణం: మలుపుల్లో తూలుతోంది, తడబడుతోంది

రౌతు పొడవెక్కువ. నడుము పైభాగం పొడవైన పిల్లలు కొంచెం వాలినా పోనీ తూలిపోకుండా ఉండటానికి అడుగు పక్కకి వేయాల్సి వస్తుంది. పిల్ల నిలకడగా కూర్చోగలిగితే పెద్ద చిక్కేం లేదు. వృత్తాలు పెద్దవి చేయించండి, గంతులు మాన్పించండి. నెల రోజుల్లో కుదురుకోకపోతే గుర్రం మార్చండి.

లక్షణం: ఎక్కుతుంటే పక్కకి జరిగిపోతోంది

కింద నుంచి ఎక్కుతుంటే జీను ఒక పక్కకి లాగి మూపుని నొక్కుతుంది. అరుగు లాంటి దిమ్మ మీద నుంచి ఎక్కించండి. అయినా జరిగిపోతుంటే పై భాగంలో చెప్పిన మూడు చూడండి.

అరుదైనవి

వెన్నుపూసలు రాసుకోవడం, కడుపులో పుండ్లు, డెక్కలో చీము. ఇవి ఉండవని కాదు, తేలిక రౌతు ఎక్కినా అదే వరస ఉంటే డాక్టర్ని పిలవండి. నాలుగేళ్లు నిండని పోనీ అయితే ఇంత లెక్క అక్కర్లేదు, దాని వీపు ఇంకా ముదరలేదు. ఎవరినీ ఎక్కించకండి.

ఎదిగే పిల్లలకు ఈ తూకం, నాలుగు వేళ్ల పరీక్ష మూడు నెలలకోసారి మళ్లీ చేయండి. మా దగ్గర తలుపు మీద తేదీ వేసి రాసి పెడతాం. బుజ్జి పేరు కింద ఇప్పుడు తొమ్మిదేళ్ల పిల్లాడి అంకె ఉంది: సామానుతో 34 కిలోలు, వెనక ఐదు వేళ్లు.