రోబో సైనికుల గురించి పిల్లలతో చర్చ ఎలా పెట్టాలంటే

బరంపురంలో మా వీధి పిల్లలు డ్రోన్ వీడియోలు తెగ చూస్తున్నారు, అందుకే ఆదివారం సాయంత్రాలు కూచోబెట్టి మాట్లాడిస్తున్నా. మీరూ చెయ్యండి.

ముందే రోబో మంచిదా చెడ్డదా అని అడగొద్దు, వాదన అక్కడే పాడైపోతుంది. మనిషి దూరంనుంచి నడిపే డ్రోన్ వేరు, టార్గెట్‌ని తనే ఎంచుకుని కాల్చేసేది వేరు, ఈ తేడా తెలిసేదాకా ముందుకెళ్ళకండి.

తర్వాత ఒక్క సీన్ ఇవ్వండి. ఒకడు పార భుజాన పెట్టుకుని గట్టు మీద నడుస్తున్నాడు, కెమెరాకి అది తుపాకీలా కనిపించింది, వాడు భయపడి చేతులెత్తేశాడు. లొంగిపోయినోడిని చంపకూడదని 1949 జెనీవా ఒప్పందాలు చెప్తున్నాయి, మరి మిషన్‌కి ఆ చేతులు అర్థమవుతాయా? మొన్న ఓ పిల్ల "తప్పు జరిగితే జైలుకి ఎవరెళ్తారు మామయ్యా" అంది, అరగంట దాని మీదే పోయింది, పోనివ్వండి, అసలు విషయం అదే. ప్రోగ్రాం రాసినోడా, పంపిన ఆఫీసరా, కొన్న ప్రభుత్వమా, బోర్డు మీద రాయించండి.

అవతలి వాదన కూడా గట్టిగా చెప్పించాలి: రోబోకి భయం, పగ ఉండవు, మన జవాన్ల ప్రాణాలు మిగుల్తాయి. నిజమే. అప్పుడు 1983లో సోవియట్ సైన్యాధికారి పెట్రోవ్ సంగతి చెప్పండి, అమెరికా క్షిపణులు వస్తున్నాయని సోవియట్ కంప్యూటర్ చూపిస్తే ఆయన నమ్మలేదు, అది తప్పుడు అలారమే.

వీలైతే ఒడిశాలో అశోకుడి శాసనాలు చెక్కిన రాయి ఉన్న జవుగడ తీసుకెళ్ళండి. కళింగ యుద్ధానికి అశోకుడు బాధపడ్డ 13వ శాసనం అక్కడ లేదు, దాని బదులు మనుషులందరూ నా పిల్లలే అన్న శాసనం ఉంది. ఆ రాయి ముందు నిలబెట్టి అడగండి, బాధపడటం రాని దానికి చంపే పని అప్పగించొచ్చా అని. నీళ్ళ బాటిళ్ళు మర్చిపోకండి, అక్కడ ఎండ ఎక్కువ.