షుగరు రోగి సంరక్షణ - పాఠం 4: ఏ సీసాకు ఏ సిరంజి

పోయిన పాఠంలో గ్లూకోమీటరు చూశాం. ఈసారి సీసాలోంచి ఇన్సులిన్ తీసి వేయడం, ఆ పని ఇంటివాళ్లకు నేర్పడం. ఇన్సులిన్ పెన్నుల సంగతి తర్వాత.

ముందు సీసా మీద రాసింది చదవండి. మన షాపుల్లో దొరికే 10 మిల్లీలీటర్ల సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. అంటే సీసాకు 400 యూనిట్లు. వీటికి ఎర్రమూత సిరంజి. మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందుకు నారింజమూతది. రెండిటి మీదా 20 అనే గీత ఉంటుంది గానీ, ఎర్రమూతలో అక్కడికి పట్టే మందు 0.5 మిల్లీలీటరు, నారింజమూతలో 0.2. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. తిరగేసి, 100 మందును ఎర్ర సిరంజిలో 20 దాకా తీస్తే 50 యూనిట్లు పోతాయి.

తక్కువ పడితే ఏమవుతుందిలే అనుకోకండి. షుగరు దిగలేదని డాక్టరు మోతాదు పెంచుతారు. ఒంగోల్లో రాయించుకున్న చీటీకి ఒకసారి పొదిలిలో, ఇంకోసారి దర్శిలో సిరంజిలు కొంటారు. పెంచిన మోతాదు ఒకరోజు సరైన సిరంజితో పడిందంటే మనిషి చెమటలు పట్టి పడిపోవడమే. లెక్కగట్టి వాడుకోవచ్చు కదా అంటారు కొందరు. లెక్క మీకు వస్తుంది, చత్వారం ఉన్న పెద్దమ్మకు రాదు. సిరంజే మార్పించండి.

ఇక తీయడం. చేతులు సబ్బుతో కడగాలి. మబ్బుగా ఉండే 30/70 (త్వరగా పనిచేసే ఇన్సులిన్ 30 పాళ్లు, నిదానంగా పనిచేసేది 70 పాళ్లు కలిపిన మందు) సీసాను అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గిలక్కొడితే నురగ వస్తుంది, అసలు కలపకపోతే ఒక్కోరోజు ఒక్కో బలం మందు పడుతుంది. రబ్బరును స్పిరిటుతో తుడిచి ఆరనివ్వండి. 16 యూనిట్లు కావాలంటే 16 గీత దాకా గాలి లాగి సీసాలోకి ఎక్కించాలి, లేకపోతే మందు సులువుగా రాదు. సీసాను తలకిందులు చేసి కాస్త ఎక్కువే లాగి, బుడగలు తట్టి పైకి పంపి, సరిగ్గా 16కు దించండి. చర్మం కింద పడే చిన్న బుడగ ప్రాణం తీయదు, మోతాదును మాత్రం తగ్గిస్తుంది.

బొడ్డు చుట్టూ రెండు వేళ్లు వదిలి, చర్మం మడత పట్టి గుచ్చాలి. మందు ఎక్కాక కాసేపు ఆగి సూది తీయండి, రుద్దకండి. రేపటి సూది ఇవాళ్టికి వేలెడు దూరంలో. నొప్పి తెలియదని ఒకే చోట పొడుచుకుంటారు చాలామంది. అక్కడ గడ్డకట్టినట్టయి మందు ఒకరోజు ఇంకుతుంది, ఒకరోజు ఇంకదు. చేత్తో తడిమి చూడండి.

వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటని చోట 28 రోజులు ఉంటుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద చట్టిలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, పైన తడిగుడ్డ. సీసాను తడి తగలకుండా డబ్బాలో పెట్టి ఆ కుండలో ఉంచాలి. మార్కాపురం, కనిగిరి పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. కావలి, కొత్తపట్నం తీరపు ఉక్కలో నీళ్లు త్వరగా ఆవిరి కావు, కుండా అంతగా చల్లబడదు. అక్కడ పక్కింటి ఫ్రిజ్ తలుపు అర అడగడమే మేలు. గడ్డకట్టే అరలో మాత్రం వద్దు; ఒకసారి గడ్డకట్టిన మందు పారేయాల్సిందే.

"అర్థమైందా పెద్దమ్మా?" అంటే "అయిందమ్మా" అనేస్తారు. "రేపు పొద్దున ఎంత లాగుతారో ఒకసారి లాగి చూపించండి" అనండి. మామూలు 30/70 అయితే తిండికి అరగంట ముందు వేసుకోవాలి. వణుకు, చెమట, షుగరు 70 కన్నా తక్కువ: మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108.

అభ్యాసం: పొద్దున 16, రాత్రి 10 యూనిట్లు వేసుకునేవారికి 40 సీసా ఎన్నిరోజులు వస్తుంది? రోజుకు 10 మాత్రమే వేసుకునేవారికి? మొదటిది 15 రోజులు. రెండోది లెక్కకు 40 రోజులు వచ్చినా, 28 దాటాక మిగిలింది పారేయాలి. సీసా తెరిచిన తేదీని దాని మీదే రాయించండి.

వచ్చే పాఠం: పాదాల పరీక్ష.