గోల్డ్‌ఫిష్‌కు ఏమైంది? మందు కొనేముందు నీళ్లు చూడండి

అక్వేరియంలో చేప చచ్చిపోతే మన ఇళ్లలో ఒక మాట అనేస్తారు: ఇంటికి రావాల్సిన కీడేదో అది తీసుకుపోయిందని. వాస్తు కోసం ట్యాంకు పెట్టుకున్నవాళ్లయితే మరీనూ. మర్నాడే ఇంకో జత తెస్తారు, నెల తిరక్కుండా అవీ పోతాయి. కీడు సంగతేమో గానీ, ఆ చేపల్ని చంపేది చాలాసార్లు అమోనియా. గోల్డ్‌ఫిష్ నాలుగు నెలల ప్రాణి కాదు. సరిగ్గా చూసుకుంటే 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. ఇంగ్లండ్‌లో 1956లో ఒక జాతరలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికింది.

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో తరచుగా కనబడే లక్షణాలు, వాటి వెనక ఉన్న కారణాలు, చేయాల్సిన పనులు కింద రాస్తున్నాను. ఏ లక్షణం కనబడినా ముందు ట్యాంకు నీళ్లను పరీక్షించండి. అక్వేరియం షాపుల్లో చుక్కలు వేసి రంగు చూసుకునే కిట్లు దొరుకుతాయి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. చూపించకపోతే జబ్బు ఏదైనా సరే, మొదటి వైద్యం నీళ్లు మార్చడమే.

కొత్తగా తెచ్చినవి పదిరోజులు దాటడం లేదు

షాపులో చలాకీగా ఉన్న చేప ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు బాగానే తిరుగుతుంది. తర్వాత అడుగున కూర్చుంటుంది, రెక్కలు ఒంటికి అతుక్కుపోతాయి, మేత వేసినా లేవదు. ట్యాంకు చూస్తే అద్దంలా తళతళలాడుతుంటుంది. అసలు సమస్య అక్కడే ఉంది.

గోల్డ్‌ఫిష్ మొప్పల నుంచి, రెట్ట నుంచి అమోనియా వస్తూనే ఉంటుంది. పాత ట్యాంకులో అయితే ఫిల్టర్ స్పాంజిలో పెరిగిన బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా ఉండదు. సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గాజు గిన్నెలో ఫిల్టరే ఉండదు కాబట్టి ఆ రోజు ఎప్పటికీ రాదు. టీవీ పక్కన ఎంత ముచ్చటగా ఉన్నా సరే, గిన్నెలో గోల్డ్‌ఫిష్ వద్దనే చెబుతాను.

చేపలు ఇప్పటికే వచ్చేసి ఉంటే రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి. మేత రోజుకు ఒక్కసారి, చిటికెడు. తెలిసినవాళ్ల పాత ట్యాంకు నుంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే ఆ బ్యాక్టీరియా చాలా త్వరగా అందుకుంటుంది, వాళ్ల చేపలకు జబ్బు లేకపోతేనే సుమా. ఫిల్టర్ రాత్రీపగలూ తిరగాలి. కరెంటు బిల్లు గుర్తొచ్చి రాత్రిళ్లు ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అలా ఆపితే స్పాంజికి ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చస్తుంది, పొద్దున ఆన్ చేయగానే ఆ కుళ్లంతా ట్యాంకులోకి వస్తుంది. స్పాంజిని కుళాయి కింద పెట్టి తోమినా ఇదే నష్టం. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు.

సైజు కూడా చెప్పాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 55 లీటర్లు పడతాయి. ఒరాండా అనే గుండ్రటి ఒళ్లున్న గోల్డ్‌ఫిష్ రకంలో ఒక చిన్నదానికి అది సరిపోతుంది. షాపువాళ్లు అందులో ఆరు వేసి పంపిస్తారు.

నీటి పైకొచ్చి నోరు తెరుస్తోంది

ముందు అది ఆకలా, ఆయాసమా అన్నది తేల్చుకోండి. ఆకలేసిన చేప మీ చెయ్యి కనబడగానే తోక ఊపుకుంటూ అద్దం పొడవునా మీ వెంటే తిరుగుతుంది. ఆయాసపడే చేప మూతిని నీటి పొరకు ఆనించి, ఒంటిని ఏటవాలుగా వేలాడేసి, ఒకేచోట గుటకలు వేస్తుంటుంది. మొప్పల మూతలు టపటపా కొట్టుకుంటుంటాయి. దగ్గరికెళ్లినా పట్టించుకోదు.

ఆయాసమే అయితే, ఏ వేళ వస్తోందో చూస్తే కారణం దొరుకుతుంది.

తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, లైటు వేశాక తగ్గితే, ట్యాంకులో మొక్కలో పాచో ఎక్కువై రాత్రంతా ఆక్సిజన్‌ని అవే వాడేసుకుంటున్నాయని అర్థం. రాత్రిపూట ఎయిర్ పంప్ పెడితే సర్దుకుంటుంది.

మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి ముదిరితే అది ఎండ పని. గోల్డ్‌ఫిష్ చల్లనీటి చేప, 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలకు పోవడం పెద్ద పనేం కాదు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే కరుగుతుంది. పైగా వేడికి చేప ఒంట్లో పని పెరిగి దానికి కావాల్సిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. అంతటితో అయిపోలేదు. నీళ్ల వేడి 20 నుంచి 30 డిగ్రీలకు పెరిగితే, ఉన్న అమోనియాలో విషంగా పనిచేసే వాటా దాదాపు రెండింతలవుతుంది. మార్చిలో చల్లగా నెట్టుకొచ్చిన ట్యాంకు మేలో కుప్పకూలేది ఇందుకే.

పైమూత తీసి వల కప్పండి, టేబుల్ ఫ్యాన్ గాలి నీటి పైన ఏటవాలుగా తగిలేలా పెట్టండి. మన పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది, రెండు మూడు డిగ్రీలు దింపుతుంది. తగ్గిన నీళ్లను రోజూ నింపుకోవాలి. ఐసు ముక్కలు నేరుగా పోయొద్దు. గడ్డకట్టించిన నీళ్ల బాటిల్‌ను ట్యాంకులో తేలనిస్తే నెమ్మదిగా దిగుతుంది. మేత సగం చేయండి. కరెంటు పోతే మగ్గుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి ధారగా పోస్తూ ఉండండి. పవర్ బ్యాంకుకు తగిలించే చిన్న ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంటే ఆ టెన్షన్ కూడా ఉండదు.

ఏ వేళన్న లెక్క లేకుండా రోజంతా ఉంటే అమోనియా, నైట్రైట్ చూడండి. నైట్రైట్ రక్తంలోకి చేరితే చుట్టూ ఆక్సిజన్ ఉన్నా చేప దాన్ని మోసుకెళ్లలేదు. నీళ్లు మార్చి, లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోస్తే, ఉప్పులోని క్లోరైడ్ ఆ నైట్రైట్‌ని మొప్పల దగ్గరే చాలావరకు అడ్డుకుంటుంది.

నీళ్లు మార్చిన రోజే నీరసపడింది

నీళ్లు మార్చిన గంటలోపే చేప పిచ్చెక్కినట్టు పరుగులు పెట్టినా, రాళ్లకు ఒళ్లు రుద్దుకున్నా, ఒంటి మీద తెల్లటి జిగురు పేరుకున్నా తప్పు కొత్త నీళ్లదే. ఏ నీళ్లు పోశారన్నదాన్ని బట్టి మందు మారుతుంది.

కార్పొరేషన్ కుళాయి నీళ్లు: తిరుపతికి కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నుంచి వచ్చే ఈ నీళ్లు చేపకు మంచివే, క్లోరిన్ ఒక్కటే చిక్కు. మనకు వాసన కూడా తెలియనంత క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్కన వేయండి. లేదా వెడల్పాటి బకెట్‌లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి. చుక్కలే నయం.

బోరు నీళ్లు: క్లోరిన్ ఉండదు, గట్టినీళ్లే (లవణాలు ఎక్కువున్నవే) అయినా గోల్డ్‌ఫిష్‌కు అడ్డేమీ లేదు. కానీ లోతు నుంచి అప్పుడే తోడిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండొచ్చు. రాత్రి బకెట్‌లో పట్టి ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఉంచితే పొద్దునకు తయారవుతాయి.

క్యాన్ వాటర్: ‘మేం తాగే మినరల్ వాటరే పోస్తున్నాం’ అని గర్వంగా చెబుతారు. ఆర్వో మిషన్ అందులోని లవణాల్ని చాలావరకు తీసేస్తుంది. ఆ నీళ్లకు పీహెచ్‌ని (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత) నిలబెట్టుకునే సత్తువ ఉండదు కాబట్టి, కొన్ని వారాలకు పీహెచ్ దబ్బున పడిపోతుంది. పోయాలనే ఉంటే బోరు నీళ్లతో సగం సగం కలపండి.

ఇక మిద్దె మీద ట్యాంకు నీళ్లు. మే నెల మధ్యాహ్నం ఆ కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం. నీళ్లు మార్చే పని తెల్లవారుజామునే పెట్టుకోండి. పాత నీళ్లకూ కొత్త నీళ్లకూ రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు.

ఎంత మార్చాలి? వారానికోసారి పావు నుంచి మూడో వంతు. మొత్తం ఒకేసారి పారబోసి, ట్యాంకును సర్ఫ్ పెట్టి తోమే అలవాటు ఉంటే ఈరోజే మానండి.

పాత ట్యాంకు, ఉన్నట్టుండి నీళ్లు తెల్లగా మసకబారాయి

ఇంటికి చుట్టాలొచ్చారా? తిరుపతిలో కాపురమంటే దర్శనానికి వచ్చేవాళ్లకు అంతుండదు. పొద్దున పెద్దాయన ఒకసారి, పదింటికి పిల్లలు ఒకసారి, సాయంత్రం ‘అయ్యో, నోరు తెరుస్తోంది, ఆకలేస్తున్నట్టుంది’ అని అత్తయ్య ఇంకోసారి మేత వేస్తారు. లడ్డూ పొడి, బిస్కెట్ ముక్క కూడా పడతాయి. గోల్డ్‌ఫిష్‌కు కడుపు అనే సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఎంత వేసినా ఇంకా అడుగుతూనే ఉంటుంది. మిగిలింది అడుగున కుళ్లి అమోనియా అవుతుంది, బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీళ్లు పాలనీళ్లలా అవుతాయి.

ట్యూబుతో అడుగునున్న చెత్త లాగేసి సగం నీళ్లు మార్చండి. రెండు రోజులు మేత బంద్. పెరిగిన గోల్డ్‌ఫిష్ వారం రోజులు తిండి లేకున్నా నిశ్చింతగా ఉంటుంది. మేత డబ్బా మాత్రం బీరువాలో దాచండి. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత, ఒక్కరే వేయాలి.

నీళ్లు ఆకుపచ్చగా మారితే అది వేరు. కిటికీ ఎండ తగిలి పాచి పెరిగింది. చేపకు నేరుగా హాని లేదు, ట్యాంకును ఎండ పడని చోటికి మార్చండి.

ఒంటి మీద తెల్ల చుక్కలు

ఉప్పు చల్లినట్టు తోక మీద, ఒంటి మీద ఎక్కడపడితే అక్కడ చుక్కలుండి, చేప రాళ్లకు రుద్దుకుంటుంటే అది వైట్ స్పాట్ అనే పరాన్నజీవి. చుక్క చర్మం కింద ఉన్నంతసేపూ ఏ మందూ దాన్ని తాకలేదు, అది రాలి నీళ్లలో ఈదే దశలోనే చావాలి. అందుకే మూడు రోజులకు చుక్కలు మాయమయ్యాయని ఆపేస్తే మళ్లీ వస్తుంది. లీటరుకు 3 గ్రాముల కల్లుప్పును ఒక రోజున్నరలో మూడు విడతలుగా కరిగించి పోసి, రెండు వారాలు ఉంచండి. మార్చిన నీళ్లకు సరిపడా ఉప్పే మళ్లీ వేయాలి. మొక్కలుంటే ముందే తీసేయండి, ఉప్పుకు తట్టుకోవు.

చుక్కలు మొప్పల మూతల మీద, ముందు రెక్కల మొదటి ముల్లు మీద మాత్రమే, వరసగా, సమానంగా ఉంటే మాత్రం ఏ మందూ వేయొద్దు. అది జతకట్టే వయసుకు వచ్చిన మగచేప. పక్కదాన్ని తరుముతూ ఉంటుంది కూడా.

తలకిందులుగా తేలుతోంది

గుండ్రటి ఒళ్లున్న ఒరాండా, ర్యూకిన్ రకాల్లోనే ఎక్కువ. పైన తేలే మేత కోసం గాలి మింగడం, ఎండు మేత పేగులో ఉబ్బడం దీనికి మామూలు కారణాలు. మూడు రోజులు పస్తు పెట్టండి. నాలుగో రోజు ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీని చిదిమి కొంచెం వేయండి. ఆపైన మునిగే మేతకు మారండి. అయినా మళ్లీమళ్లీ వస్తుంటే అది ఆ చేప ఒంటి తీరులోనే ఉంది, నీటి లోతు తగ్గించి పెంచుకోవాలంతే.

రెక్కల్లో ఎర్ర గీతలు, చిరిగిన తోక, నల్ల మచ్చలు

మూడూ ఎక్కువగా నీళ్ల గోలే. ఎర్ర గీతలు అమోనియా, నైట్రైట్ ఒత్తిడికి గుర్తు. తోక అంచు తెల్లబడి పీలికలవుతుంటే ఫిన్ రాట్, అంటే రెక్కలు కుళ్లే జబ్బు. నల్ల మచ్చలు చాలాసార్లు అమోనియాకు కాలిన చోట మానుతున్న గుర్తులు, వాటిని చూసి కంగారు పడక్కర్లేదు. రెండు వారాలు శుభ్రమైన నీళ్లు ఇస్తే చాలామటుకు సర్దుకుంటాయి.

షాపులో టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి ట్యాంకులో పోయమంటారు. గట్టినీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టేసుకుంటాయి. మన బోరు నీళ్లలో దాని పని అంతంతమాత్రమే.

పొలుసులు నిక్కబొడుచుకుని పొట్ట ఉబ్బింది

దీన్ని డ్రాప్సీ అంటారు. కిడ్నీ పనిచేయక ఒంట్లో నీరు నిలిచిపోయిన స్థితి. చేపను వేరే టబ్బులో పెట్టి శుభ్రమైన నీళ్లు, గాలి ఇవ్వండి, కానీ ఇంతదాకా వచ్చినవి కోలుకోవడం అరుదు. డాక్టరు సలహా కావాలంటే, వెటర్నరీ యూనివర్సిటీ తిరుపతిలోనే ఉన్నా ఫిషరీ సైన్స్ కాలేజీ నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఉంది.

చేప ట్యాంకు పట్టనంత పెరిగింది

ఇదీ సమస్యే, కాకపోతే మంచి సమస్య. పొడుగు ఒళ్లున్న కామెట్ రకం అడుగు దాకా పెరుగుతుంది. తీసుకెళ్లి స్వర్ణముఖిలోనో ఊరి చెరువులోనో వదలొద్దు. అడుగు మట్టిని కెలికి నీళ్లు పాడుచేస్తుంది, మన చేపల గుడ్లు తినేస్తుంది, దాని జబ్బులు వాటికి అంటిస్తుంది. పెరట్లో సిమెంటు తొట్టి ఉంటే అందులోకి మార్చండి. కొత్త తొట్టి అయితే సున్నం ఊరి పీహెచ్ బాగా పెరుగుతుంది కాబట్టి, కొన్ని వారాలు నీళ్లు నింపుతూ పారబోస్తూ ఉండి, పీహెచ్ 8.5 కంటే కిందికి దిగి నిలబడ్డాకే చేపను వేయాలి. సగం తొట్టికి నీడ ఉండాలి. పైన వల కట్టండి, లేకపోతే లకుముకి పిట్టలకూ పక్కింటి పిల్లికీ విందే.