షటిల్ ఆటకు ఒళ్లు సిద్ధం: 4వ పాఠం – రెండు ర్యాలీల మధ్య

గత పాఠంలో నేర్చుకున్న ఆరు మూలల అడుగులు (కోర్టు మధ్య నుంచి ముందు, పక్కల, వెనక రెండేసి చోట్లకు వెళ్లి రావడం) ఈపాటికి కాళ్లకు అలవాటై ఉండాలి. ఈసారి రాకెట్ జోలికి వెళ్లం, దమ్ము పెంచుకోవడం చూద్దాం.

చెన్నైలో వేళచ్చేరి, మడిపాక్కం వైపు కోర్టుల్లో ఆడే మనవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "మొదటి గేమ్‌లో బాగా పడిన స్మాష్ మూడో గేమ్‌లో నెట్‌కి ఎందుకు తగులుతోంది? తప్పు గ్రిప్‌లోనా, మణికట్టులోనా?" చాలాసార్లు రెండిట్లోనూ కాదు. కాళ్లు ఒక్క క్షణం వెనకబడతాయి. తలకు పైన అందాల్సిన షటిల్ చెవి దాకా దిగాక అందుతుంది. అక్కడి నుంచి కిందికి కొట్టడానికి కోణం ఉండదు. ఇక చేతిని ఎంత దిద్దుకున్నా లాభం లేదు.

ర్యాలీ, అంటే సర్వీస్ నుంచి పాయింట్ తేలేదాకా సాగే ఆట, ఎక్కువగా కొద్ది సెకన్లలో ముగుస్తుంది. ఆ కాసేపు పూర్తి బలంతో కదలడానికి కండరం తనలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అనే తక్షణ ఇంధనాన్ని వాడుకుంటుంది. అది దాదాపు 10 సెకన్లలో చాలావరకు తగ్గిపోతుంది. మళ్లీ సగం నిండాలంటే సుమారు 30 సెకన్లు, మొత్తం నిండాలంటే కొన్ని నిమిషాలు కావాలి. నింపేది ఆక్సిజన్. అంటే షటిల్‌లో దమ్ము అసలు పని మొదలుపెట్టేది ర్యాలీ ఆగాకే. షటిల్ తీసుకొచ్చి సర్వీస్‌కు నిలబడే లోపు ఎవరు ముందు కోలుకుంటే వాళ్ల కాళ్లు తర్వాతి పాయింట్‌కు సమయానికి వెళ్తాయి. నిబంధనల ప్రకారం 11 పాయింట్ల దగ్గర దొరికేది 60 సెకన్లు, గేమ్‌ల మధ్య 2 నిమిషాలు. అంతకుమించి ఎవరూ ఇవ్వరు.

ముందు మీ స్థితి చూసుకోండి. షటిల్ లేకుండా ఆరు మూలలకూ 3 నిమిషాలు ఆపకుండా కదలండి. ఆగగానే మణికట్టు మీద, బొటనవేలి వైపు రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కపెట్టి 4తో గుణించండి. నెమ్మదిగా అటూ ఇటూ నడిచి, నిమిషం గడిచాక మళ్లీ లెక్కపెట్టండి. ఎంత తగ్గిందో రాసుకోండి. పక్కవాళ్ల అంకెతో మీకు పని లేదు, మీ తేడా నెలనెలా పెరగాలి. నలభై దాటినవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, ఛాతీలో ఎప్పుడైనా నొప్పి వచ్చినవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఇది చేయండి.

ఇప్పుడు సాధన. వారానికి రెండు రోజులు 20 సెకన్లు ఆరు మూలలకూ వేగంగా, 20 సెకన్లు నడక. ఇలా 8 సార్లు. 3 నిమిషాలు ఆగి ఇంకో 8. చివర్లో వేగం పడిపోతుంటే విరామం పెంచండి, వేగం మాత్రం తగ్గించొద్దు. మరో రెండు రోజులు, మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా 30 నిమిషాల పరుగు. బోర్ అని చాలామంది వదిలేసేది ఈ పరుగునే. నా దృష్టిలో మూడో గేమ్ నిలబడేది దీని మీదే. ఎలియట్స్ బీచ్‌కి వెళ్లేవాళ్లు ఇసుకలోకి దిగకుండా పక్క నడకదారి మీద మొదలుపెట్టండి, పిక్కల మీద భారం తగ్గుతుంది.

చెన్నై ఉక్కపోతను లెక్కలోకి తీసుకోకపోతే ఈ అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కండరాలతో పాటు చర్మానికీ గుండె రక్తం పంపాల్సి వస్తుంది కాబట్టి అదే వేగానికి నాడి ఎక్కువ కొట్టుకుంటుంది. 1986 సెప్టెంబరులో ఇక్కడి చెపాక్ మైదానంలో టై అయిన క్రికెట్ టెస్ట్ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు డీన్ జోన్స్ 210 పరుగులు చేశాడు. మధ్యలో మైదానంలోనే వాంతులు చేసుకున్నాడు, ఔటయ్యాక ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అంత ఫిట్‌గా ఉన్న మనిషికే ఈ ఎండ అలా చేసింది. కాబట్టి మే నెల కత్తిరి ఎండల్లో వచ్చిన నాడి లెక్కను డిసెంబరు లెక్కతో పోల్చకండి. ప్రతిసారీ ఒకే కోర్టు, ఒకే వేళ.

ఆటకు ముందు, తర్వాత బరువు చూసుకోండి, రెండోసారి చెమట తుడుచుకుని. 60 కిలోల మనిషి 1.2 కిలోలు తగ్గితే ఒంటి బరువులో 2 శాతం నీరు పోయినట్టే. ఆ స్థాయిలో దమ్ము తగ్గడం మొదలవుతుంది. 11 పాయింట్ల దగ్గర రెండు మూడు గుక్కలు తాగండి, ఆట అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.

వచ్చే పాఠం మోకాళ్ల గురించి, స్మాష్ కొట్టి దిగే తీరు గురించి. అప్పటికి మీ పుస్తకంలో రెండు నాడి తేడాలు, ఒక ఆట రోజు బరువులు రాసి ఉండాలి.