రన్‌వే చాలడం లేదా? బ్రేకుల కంటే ముందు గాలి చూడండి

సమస్య: చక్రాలు నేలను తాకాయి, విమానం మాత్రం ఆగేలా లేదు. చివర ఎర్ర లైట్లు మీదికి వచ్చేస్తున్నాయి. సిమ్యులేటర్‌లో ఇలా జరిగిన ప్రతిసారీ కుర్రాళ్లు బ్రేకులనే అనుమానిస్తారు. తప్పు జరిగింది అంతకు రెండు నిమిషాల ముందు.

మొదట చూడాల్సింది: వెయ్యి అడుగుల దగ్గర స్పీడు, దిగే రేటు, గేర్ (చక్రాలు), ఫ్లాప్స్ (రెక్కల వెనక వాలే పలకలు) అన్నీ కుదిరాయా? లేదంటే గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవడం. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. 2010 మేలో మంగళూరులో కో-పైలట్ గో-అరౌండ్ అని మూడుసార్లు చెప్పినా కెప్టెన్ దిగేశారు, 158 మంది పోయారు. ఇంత తెలిసీ ఈ చెక్ వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

దొంగలా దాక్కునే కారణం: టెయిల్‌విండ్, అంటే వెనక నుంచి తోసే గాలి. మన గన్నవరంలోనే నేను దెబ్బతిన్నాను. జులై సాయంత్రం, సన్నటి జల్లు. హైదరాబాద్ నుంచి వస్తే రన్‌వే 08 (తూర్పు ముఖంగా దిగే వైపు) దాదాపు ఎదురుగానే ఉంటుంది, అదే రన్‌వే రెండో చివర 26కి వెళ్లాలంటే చుట్టు తిరగాలి. నైరుతి గాలి వెనక నుంచి తోస్తోంది. టవర్ 6 నాట్లు అంది, మా లిమిట్ 10 కదా, పర్వాలేదనుకున్నాం. 500 అడుగుల దగ్గర స్క్రీన్ మీద గాలి 14 నాట్లు కనబడింది. నేను చూశాను, నోరు విప్పలేదు. విమానం టచ్‌డౌన్ జోన్ (చక్రాలు తాకాల్సిన చోటు) గీతలు దాటి తేలుతూనే పోయింది. ఆగేసరికి ముందున్న ఎర్ర లైట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగాను.

ఇది ఎందుకు దొరకదంటే, స్పీడు ముల్లు చూపేది గాలిలో వేగం, అది 140 నాట్ల దగ్గర బుద్ధిగా ఉంటుంది. నేల మీద మాత్రం మీరు 154లో పోతున్నారు, అంటే తేలే ప్రతి సెకనుకూ దాదాపు 80 మీటర్ల రన్‌వే ఖర్చు. దిగే రేటు చూస్తే దొరుకుతుంది. మూడు డిగ్రీల వాలులో 140కి నిమిషానికి 700 అడుగులు చాలు. 770 కావాల్సి వస్తోంది, ఇంజన్లేమో ఐడిల్ (కనీస శక్తి) దగ్గరే ఉన్నాయంటే గాలి వెనకే ఉంది. 2020లో కోళికోడ్ విమాన ప్రమాదంలో వాన, టెయిల్‌విండ్ రెండూ కలిశాయి. చక్రాలు తాకేసరికే దాదాపు సగం రన్‌వే అయిపోయింది.

పరిష్కారం: 500 దగ్గర గాలి అంకెను పైకి చదవండి. లిమిట్ దాటితే పైకి లేవండి, చుట్టు తిరిగి ఎదురుగాలిలో దిగండి. టచ్‌డౌన్ జోన్‌లో చక్రాలు తాకకపోయినా అంతే. రివర్సర్లు (ఇంజన్ తోపును ముందుకు తిప్పి విమానాన్ని ఆపేవి) లాగాక మాత్రం గో-అరౌండ్ మాట ఎత్తకండి, పూర్తిగా ఆగేదాకా బ్రేకు వదలకండి.

రెక్కల మీద స్పీడ్‌బ్రేక్ పలకలు లేచాయో లేదో ఒక చూపు చాలు. చక్రాలు జారకుండా చూసే యాంటీస్కిడ్ పోవడం, టైరు పేలడం అరుదు, వాటికి చెక్‌లిస్ట్ ఉంది.