పాత జీపులో ఆయిల్ ప్రెషర్ మీటర్: తప్పు ముల్లుదా, ఇంజన్‌దా?

ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఆయిల్ మీటర్ ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతే కారణం తర్వాత వెతుక్కోవచ్చు. ముందు బండి పక్కకి తీసి ఇంజన్ ఆపాలి. మీటరే పోయి ఉంటుందిలే అని పైదాకా లాగించేస్తే, ముల్లు చెప్పింది నిజమైన రోజున బేరింగులు పట్టేస్తాయి, క్రాంక్ గీసుకుపోతుంది. చదునుగా ఉన్నచోట ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. లెవెల్ తగ్గిందా అనే కాదు, పెరిగిందా అని కూడా చూడాలి. డీజిల్ బండిలో లెవెల్ దానంతటది పెరిగిందంటే ఫీడ్ పంప్ నుంచో ఇంజెక్టర్ల నుంచో డీజిల్ చాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగుతోందన్నమాట. ఆయిల్ పలచబడితే ప్రెషర్ నిజంగానే పడిపోతుంది. వేలికి రాసి వాసన చూస్తే తెలిసిపోతుంది.

నిటారు ఎక్కుడులోనో, బండి పక్కకి బాగా ఒరిగినప్పుడో మాత్రమే ముల్లు పడి, చదునుకి రాగానే మళ్లీ లేస్తుంటే అది కూడా మీటర్ తప్పు కాదు. ఆయిల్ చాంబర్‌లో ఒక మూలకి చేరిపోయి స్ట్రైనర్ (పంప్‌కి ఆయిల్ అందించే జల్లెడ) గాలి పీలుస్తోంది. ఆయిల్ పై గీత దాకా ఉందో లేదో చూసుకోండి, ఆ వాలులో ఎక్కువసేపు నిలపకండి.

లెవెల్ సరిగ్గా ఉంది, ఎక్కడా కారడం లేదు, ఇంజన్‌లో కొత్త చప్పుడూ లేదు అంటే అప్పుడు మీటర్ని అనుమానించవచ్చు.

ముల్లుకి తెలిసింది ఒక్కటే

కీ ఆన్ చేయగానే 12 వోల్టులు మీటర్‌లోకి వస్తాయి. అక్కడి నుంచి ఒకే ఒక్క వైరు ఇంజన్ బ్లాక్ మీదున్న సెండర్‌కి వెళ్తుంది. సెండర్ లోపల ఆయిల్ ఒక పల్చటి రేకుని నెడుతుంది, ఆ రేకు ఒక చిన్న కాంటాక్టుని రెసిస్టెన్స్ తీగ మీద జరుపుతుంది. కరెంటు సెండర్ మరల గుండా ఇంజన్‌కి, ఇంజన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్తుంది. ముల్లుకి తెలిసేది ఈ దారిలో మొత్తం ఎంత రెసిస్టెన్స్ ఉందన్నదే. తుప్పు, వదులైన లగ్ (వైరు చివరి బిగింపు ముక్క), పెయింటు, మరలకి చుట్టిన టేపు, ఏది అడ్డం వచ్చినా దాన్ని కూడా ప్రెషర్‌గానే లెక్కేస్తుంది.

అందుకే మీ సెండర్ ఏ రకమో తెలియకుండా పని మొదలుపెట్టకూడదు. వీడీఓ అనే జర్మన్ కంపెనీ రకంలో ప్రెషర్ లేనప్పుడు రెసిస్టెన్స్ 10 ఓములు, ఫుల్‌కి 184 దాకా. అమెరికన్ రకంలో దీనికి తలకిందులు: ప్రెషర్ లేనప్పుడు 240, ఫుల్‌కి 33. 1987 తర్వాతి కొన్ని జీప్ చెరోకీ, రాంగ్లర్లలో సున్నాకి సుమారు 1 ఓమ్, 80 పీఎస్ఐకి (పీఎస్ఐ, బార్ రెండూ ప్రెషర్ కొలతలే) 88 దగ్గర. ఇంజన్ ఆపి, వైరు పీకి, సెండర్ టెర్మినల్‌కీ దాని ఒంటికీ మధ్య మల్టీమీటర్ పెడితే ఏ రకమో చాలావరకు తేలిపోతుంది. చేతులు మారుతూ వచ్చిన పాత బండిలో మీటర్ ఒక రకం, ఎప్పుడో మార్చిన సెండర్ ఇంకో రకం అయి ఉండటం మామూలే. ఆ జతకి ఎన్ని వైర్లు మార్చినా ముల్లు సరిగ్గా చూపించదు.

సెండర్ మీద రెండు టెర్మినళ్లుంటే అక్షరాలు చూడండి. వీడీఓ రకంలో జీ అన్నది మీటర్‌కి, డబ్ల్యూకే అన్నది ఎర్ర లైటుకి. ఇవి తారుమారైతే ముల్లు ఎప్పుడూ ఏదో ఒక చివరే ఉంటుంది.

మీటర్, వైరు పరీక్ష

కీ ఆన్, ఇంజన్ ఆఫ్. సెండర్ వైరు పీకి గాలిలో ఉంచండి, ముల్లు ఎటు పోయిందో చూడండి. తర్వాత ఆ వైరుని ఇంజన్ మీద శుభ్రమైన బోల్టుకి రెండు సెకన్లు ఆనించండి. వీడీఓ రకంలోనూ, ఆ చెరోకీ రకంలోనూ వైరు విడిగా ఉంటే ముల్లు ఫుల్ దాటాలి, ఎర్త్ చేస్తే సున్నాకి రావాలి. 240–33 రకంలో విడిగా ఉంటే సున్నా, ఎర్త్ చేస్తే ఫుల్.

ఒక జాగ్రత్త. కీ ఆన్ చేశాక ముల్లు నెమ్మదిగా, కొన్ని సెకన్లు తీసుకుని లేచే మీటర్లు ఉంటాయి. లోపల వేడికి వంగే రెండు లోహాల పట్టీ ఉంటుంది, పాత టయోటా ల్యాండ్ క్రూజర్లలో ఇలాంటివే. వీటిని నేరుగా ఎర్త్ చేస్తే లోపలి తీగ కాలిపోవచ్చు. మధ్యలో 12 వోల్టుల 3.4 వాట్ల చిన్న బల్బు పెట్టి పరీక్షించాలి. మిలిటరీ డిస్పోజల్‌లో వచ్చిన బండి అయితే అది 24 వోల్టులదేమో కూడా ముందే చూసుకోండి.

ముల్లు రెండు వైపులా పోతే మీటరూ వైరూ మంచివే. కదలకపోతే మీటర్ వెనక కీ టెర్మినల్‌లో కరెంటు ఉందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడండి. ఉంటే ఇదే పరీక్ష మీటర్ వెనక సెండర్ టెర్మినల్ దగ్గరే చేయండి. అక్కడ కదిలి ఇంజన్ దగ్గర కదలకపోతే వైరు మధ్యలో తెగింది. బాడీ రేకులోంచి దూరేచోట రబ్బరు ఊడి ఒరుసుకుని ఉంటుంది, లేదా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన కరిగి ఉంటుంది. డీజిల్, టెంపరేచర్ ముళ్లు కూడా ఆయిల్ ముల్లుతో పాటే తప్పు చూపిస్తుంటే సెండర్ జోలికి వెళ్లకండి. ఫ్యూజు, డ్యాష్‌బోర్డు ఎర్త్, ఉంటే స్టెబిలైజర్ (మీటర్లకి వెళ్లే వోల్టేజీని నిలకడగా ఉంచేది), ఈ మూడూ చూడాలి.

ముల్లు కదలడం వేరు, సరిగ్గా చూపించడం వేరు. ఎలక్ట్రానిక్స్ షాపులో 82 ఓముల, 2 వాట్ల రెసిస్టర్ కొనండి. 5 బార్ల వీడీఓ మీటర్‌లో సెండర్ వైరుకీ ఎర్త్‌కీ మధ్య అది పెడితే ముల్లు 2 బార్ల దగ్గర నిలవాలి. 240–33 రకానికి 100 ఓములది పెడితే దాదాపు సగంలో నిలవాలి.

ఎర్త్: తప్పు దాక్కునే చోటు

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. ఇంజన్‌కీ చాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక పట్టీయే దారి. బురదలో, నీళ్లలో తిరిగే బండికి ఆ పట్టీ పైకి బాగానే కనిపించినా లగ్ లోపల పచ్చగా పొడిబారి ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక కొన సెండర్ ఒంటికి, రెండోది బ్యాటరీ నెగటివ్ పోల్‌కి పెట్టండి. 0.1 వోల్టు మించితే ఎర్త్ పోయినట్టే. హెడ్‌లైట్ వేయగానే ఆయిల్ ముల్లు కదిలినా అదే అర్థం.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 240–33 రకంలో చెడిపోయిన ఎర్త్ ప్రెషర్ని తక్కువ చేసి చూపిస్తుంది, మీరు భయపడి బండి ఆపుతారు, నష్టం లేదు. వీడీఓ రకంలో మాత్రం అదే తుప్పు ప్రెషర్ని పెంచి చూపిస్తుంది. 1 బార్‌కి 48 ఓములు, 2 బార్లకి 82. అంటే ఎర్త్ దారిలో 34 ఓములు అదనంగా చేరితే 1 బార్ ఉన్న ఇంజన్ 2 బార్లు ఉన్నట్టు నమ్మిస్తుంది. పాత ఇంజన్‌లో ముల్లు ఉన్నట్టుండి బాగా పైన నిలబడితే సంతోషించకండి, పట్టీ విప్పి ఎమరీ పేపర్‌తో రుద్దండి.

సెండర్

ఎప్పుడూ ఒకే చోట ముల్లు గిలగిలా కొట్టుకుంటుంటే లోపలి తీగ ఆ జాగాలో అరిగింది. టెర్మినల్ చుట్టూ ఆయిల్ చెమ్మ కనిపిస్తే రేకు చిరిగింది. రెండింటికీ మార్చడమే దారి. అనుమానంగా ఉంటే విప్పి పంక్చర్ షాపుకి తీసుకెళ్లండి. మరల మీద హోస్ పైపు ఎక్కించి క్లిప్పు బిగించి 30 పీఎస్ఐ గాలి పట్టిస్తే, 5 బార్ల వీడీఓ సెండర్ 82–85 ఓముల దగ్గర చూపించాలి. గాలి నెమ్మదిగా వదులుతుంటే అంకె ఎగుడుదిగుళ్లు లేకుండా తగ్గాలి.

కొత్తది కొనేటప్పుడు మర చూసుకోండి. అమెరికన్ పైపు మర అయిన 1/8 ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, బ్రిటిష్ పైపు మర అయిన 1/8 బీఎస్‌పీకి 28. మిల్లీమీటర్ల మర ఎం10 కూడా చూపుకి అలాగే ఉంటుంది. ఒకటి రెండు చుట్లు చేత్తో తిరిగి తర్వాత బిగిసిపోతే పానా వేయకండి, బ్లాక్ మర పోతుంది. టెఫ్లాన్ టేపు బొద్దుగా చుడితే ఎర్త్ పోవచ్చు, తెగిన ముక్క సెండర్ కన్నంలో అడ్డం పడవచ్చు. మొదటి రెండు మరలు వదిలేసి కొద్దిగా సీలెంట్ రాస్తే చాలు.

మీటరూ, ఎర్ర లైటు స్విచ్చీ రెండూ కావాలని ఇత్తడి టీ పెట్టి దానికి బరువైన సెండర్ని వేలాడదీస్తారు. డీజిల్ ఇంజన్ అదురుకి ఆ ఇత్తడి నిప్పల్ మెడ దగ్గర చిట్లుతుంది, ఇక ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. సెండర్ని బాడీకి బిగించి, ఆయిల్‌కి తట్టుకునే హోస్‌తో బ్లాక్‌కి కలపండి. అప్పుడు సెండర్ ఒంటి నుంచి విడిగా ఎర్త్ వైరు తప్పనిసరి.

చివరి తీర్పు మెకానికల్ మీటర్‌ది

ఇవన్నీ బాగున్నా ముల్లు కిందే ఉంటే సెండర్ స్థానంలో 0–100 పీఎస్ఐ మెకానికల్ మీటర్ బిగించండి. దాని ట్యూబ్ మానిఫోల్డ్‌కి తగలకూడదు. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి స్లోలో ఒకసారి, 2000 ఆర్పీఎంలో ఒకసారి చూడండి. వెయ్యి ఆర్పీఎంకి 10 పీఎస్ఐ అన్నది మెకానిక్కుల మోటు లెక్క, మీ ఇంజన్ మాన్యువల్ అంకెదే పైచేయి. జీప్ 4.0 లీటర్ ఇంజన్‌కి స్లోలో 13 పీఎస్ఐ ఉన్నా సరే, 1600 ఆర్పీఎం పైన మాత్రం 37–75 మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువైతే రిలీఫ్ వాల్వ్, స్ట్రైనర్, పంప్, బేరింగులు, ఈ వరుసలో వెళ్లండి.

ప్రెషర్ బాగుంటే ఆ రెండు అంకెలు రాసిపెట్టుకోండి. ఎలక్ట్రిక్ సెండర్ బిగించాక, అదే వేడిలో, అదే ఆర్పీఎంల దగ్గర ముల్లు ఎక్కడుందో మీటర్ అద్దం అంచున పెయింట్ పెన్‌తో రెండు చుక్కలు పెట్టండి. యాభై కిలోమీటర్లు తిరిగాక సెండర్ మెడ దగ్గర వేలితో తడిమి చూడండి, తడి తగిలితే మళ్లీ విప్పి సీల్ చేయాలి.